ఇరవయ్యెనిమిది పాయింట్ నాలుగు

మా తమ్ముడు సింహాద్రి కూర్చుని అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదు. పళ్లెం ఎడమ చేతిలో పెట్టుకుని వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తిరుగుతూ తినేవాడు. మా అమ్మ గురువమ్మ పులుసు గిన్నెతో వాడి వెనకాలే తిరిగేది.

"ఒరే, ఒక్క సోట కూకోరా. మెతుకులు ఇల్లంతా పడతన్నాయి."

"సీమలు తింటాయిలేవే."

"సీమలు నీకంటే నెమ్మది. వరసలో ఎల్తాయి."

మా పెదజాలరిపేటలో మగపిల్లలు కదలకుండా ఉండటం నేర్చుకునేది గాలం దగ్గర. తాడు నీళ్లలోకి వదిలి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, చేప ముట్టేదాకా రాయిలా కూర్చోవాలి. పన్నెండో ఏట అయ్య వాణ్ని మొదటిసారి తీసుకెళ్లాడు. వాడు గంటలో పదిసార్లు తాడు పైకి లాగి చూశాడట. తిరిగొచ్చాక అయ్య అమ్మతో అన్నమాట ఇది: "నీ కొడుకు సేపని పట్టడే. తరుముతాడు."

మా అయ్య పేరు జగ్గారావు. వలవేట కంటే గాలంవేటలోనే ఆయనకు పేరు. గాలంవేట అంటే బండల వేట. సముద్రం అడుగున బురద మధ్య అక్కడక్కడా రాతి బండలుంటాయి. మంచి చేప ఆ బండల దగ్గరే మేస్తుంది. ఏ బండ ఎక్కడుందో ఏ ఇంటి మగవాళ్లకు ఆ ఇంటివాళ్లకే తెలుసు. అల్లుడికి చెప్పరు, పక్క బోటు వాడికి చెప్పరు, కాగితం మీద అసలు రాయరు. "రాత్తే కాయితానికి కాళ్లొత్తాయి" అనేవాడు అయ్య. చూపు బాగున్నన్నాళ్లూ కొండల గుర్తులు పట్టి వాటి మీదికి వెళ్లేవాడు. తర్వాత అరచేతిలో పట్టే జీపీఎస్ కొన్నాడు. బండ మీదికి వెళ్లి ఒక్కొక్కటీ అందులో దాచాడు. మొత్తం నలభై మూడు. పేర్లు కొట్టడం రాదు కాబట్టి అందులో ఒకటి, రెండు, మూడు అనే ఉండేవి. అసలు పేర్లు ఆయన తలలో ఉండేవి. తిట్ల బండ, పెళ్లి బండ, గురువమ్మ బండ. గురువమ్మ బండకు ఆ పేరెందుకొచ్చిందంటే, లంగరు ఒకసారి దొరికిందంటే వదలదు. ఆ మాట అయ్య అమ్మ ఎదురుగానే చెప్పేవాడు.

సింహాద్రికి బండలక్కర్లేదు. ఇరవయ్యేడో ఏట రుషికొండలో ఉమామహేష్ గారి షెడ్డులో పనికి కుదిరాడు. ఆయన టౌన్ మనిషి, తెరచాపల పిచ్చి. షెడ్డులో టూరిస్టుల కోసం రెండు డజన్ల తెడ్డు పడవలు, లైఫ్ జాకెట్లు, ఓ మూల ఎవరూ ముట్టని విండ్‌సర్ఫింగ్ పలక ఒకటి ఉండేవి. పలక మీద మనిషి నిలబడాలి. పలకకు బిగించిన కొయ్య ఎటు కావాలంటే అటు వాలుతుంది, దానికి తెరచాప. అడ్డబద్దను రెండు చేతులా పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి నీళ్ల మీదికి వాల్చి, గాలిని మోయాలి. ఆగితే పడిపోతారు. మా తమ్ముడి కోసమే ఎవరో చేసినట్టుండేది. మూడు వారాల్లో నేర్చుకున్నాడు. టూరిస్టులు లేని పూటల్లో, గాలి ఉన్న పూటల్లో ఇక వాడు ఒడ్డున దొరికేవాడు కాదు.

తర్వాత వాడికి ఎంత స్పీడులో వెళ్తున్నాడో తెలియాలి.

మొదట ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి నడుముకు కట్టుకున్నాడు. ఒక సాయంత్రం తడి బట్టలతోనే పేటలోకి వచ్చి ఫోను అందరికీ చూపించాడు. నలభై ఒకటి నాట్స్. అంటే గంటకు డెబ్బై ఆరు కిలోమీటర్లు. మా మేనత్త కొడుకు తాతబాబు వల బాగుచేసుకుంటూ ఆ ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావా, బీచ్ రోడ్డులో నీకు చలానా రాయలేదేటి?"

"నవ్వకు బావా. మిసను అబద్ధం సెప్పదు."

చెప్పింది. మర్నాడు ఉమామహేష్ గారు ఆ గీతంతా చూసి విడమరచి చెప్పారు. "నువ్వు పడ్డావు సింహాద్రీ. పడగానే ఫోను నీళ్లలో మునిగింది. మునిగితే దానికి ఆకాశం కనబడదు. తేలాక నువ్వు ఒక చోట నుంచి ఇంకో చోటికి గెంతినట్టు లెక్కేసుకుంది. నిజం స్పీడు కావాలంటే నీళ్లు పట్టని జీపీఎస్ భుజం మీద కట్టాలి. ఎప్పుడూ ఆకాశం వైపు చూస్తుండాలి. మంచివాళ్లు ముప్పై దాటతారు. నువ్వు పాతిక దాటావేమో, నాకు తెలీదు."

ఆ "తెలీదు" వాణ్ని తినేసింది. పేటలో పిల్లలు "ఓ నలభై ఒకటీ!" అని పిలిచేవారు. వాడు నవ్వేవాడు కానీ రెండు పూటలు పళ్లెం పట్టుకుని వీధిలోకి రాలేదు, పెరట్లోనే తిరిగాడు.

ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు వేట నిషేధం. ఇంజను బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. అయ్య జీపీఎస్ తుడిచి, మెత్తటి గుడ్డ చుట్టి, దేవుడి గూట్లో పెడతాడు. ఆ ఏడు నిషేధం మొదలైన నాలుగో వారంలో సింహాద్రి దాన్ని గుడ్డతో సహా తీసుకెళ్లాడు. అయ్యను అడగలేదు. అడిగితే ఇవ్వడని తెలుసు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నాది స్కూలు ఉద్యోగం, వేసవి సెలవులు. పేటలోనే మూడో వీధిలో నా కాపురం. మావయ్య పలక చూపిస్తానని నా పిల్లల్ని రుషికొండ తీసుకెళ్లాను. నీళ్ల మీద తెల్లటి నురుగులు లేస్తున్నాయి, దక్షిణపు గాలి అప్పుడే బిగుస్తోంది. సింహాద్రి సైకిల్ ట్యూబు ముక్కతో జీపీఎస్‌ను కుడి భుజానికి బిగించుకుని, మళ్లీ విప్పి, నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. మా పేటలో అక్కను అప్పా అంటారు.

"అప్పా, ఇది సూడు. ఇందులో మాగ్జిమం అరవై రెండు కిలోమీటర్లుంది. నాను బస్సులో దీన్ని ఆన్ చేసి తెచ్చేను. ఇది బస్సు స్పీడు. ఇది సెరపాల, తర్వాత నాట్స్‌లోకి మార్సాల. ఎక్కడుందో సదువు."

చిన్న తెర. ఎండ. పైన రీసెట్ అని ఉంది, కింద మూడో నాలుగో వరసలు, ఒక్కోదాని పక్కన ఒక్కో గడి. పిల్లలు నీళ్లలోకి పరుగెడుతున్నారు. "రీసెట్ అని ఉంది, ఇదే" అన్నాను.

"ఏది టిక్ పెట్టాలే?"

"నాకేం తెలుసు. పెట్టి నొక్కు."

వాడు కింద ఉన్న అన్ని గడుల్లోనూ టిక్ పెట్టి నొక్కేశాడు. గాలి వచ్చేసింది మరి.

ఆ మధ్యాహ్నమే వాణ్ని నేను సరిగ్గా చూశాను. పలక నీళ్లను కోస్తూ వెళ్లడం లేదు, నీళ్లను ముట్టీ ముట్టకుండా వెళ్తోంది. వాడి వీపు అలకు జానెడు దూరంలో ఉంది. చివరికి ఒక చుక్కయి, మళ్లీ పెద్దదై వచ్చేవాడు. ఏడుసార్లు వెళ్లి వచ్చాడు, ఒక్కసారీ పడలేదు. ఒడ్డెక్కి భుజం మీదిది విప్పి చూసి, ఇసకలో కూలబడ్డాడు. వాడు కూర్చోగా చూడటం నాకు అదే మొదలు.

"ఇరవయ్యెనిమిది పాయింట్ నాలుగప్పా."

"ముప్పై కాలేదుగా?"

"కానేదు. అయితే ఇది నిజం."

ఉమామహేష్ గారు వచ్చి చూసి వాడి వీపు మీద గట్టిగా ఒకటి చరిచారు. అబద్ధపు నలభై ఒకటి కంటే నిజమైన ఇరవయ్యెనిమిదికి వాడు ఎంత పొంగిపోయాడో నేనిప్పుడు రాయలేను. ఆ పొంగులోనే వేరే పేజీ నొక్కాడు, అయ్య బండలు ఉండే పేజీ. ఖాళీ.

నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. పిల్లలు ఐస్ కావాలని గొడవ చేస్తున్నారు.

అయ్యకు అప్పటికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేశారు కానీ దూరం కొండలు మసకగానే ఉండేవి. జీపీఎస్ లేకపోతే ఆయన గాలంవేటకు వెళ్లలేడు. అది లేకపోతే ఆయనకు ఇంకే పనీ లేదు. నిషేధం ముగియడానికి ముప్పై మూడు రోజులుంది. ఆ ముప్పై మూడు రోజుల్లో బండలు తిరిగి రావాలి, లేదా మా అయ్య ఒడ్డున కూర్చుండిపోవాలి.

వాడు నాలుగు రోజులు దాచాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో కాలు ఒక చోట పెట్టలేదు. తెల్లవారే దువ్వాడ వెళ్లి సెల్ రిపేర్ షాపుల్లో అడిగాడు, చెరిగినవి రావన్నారు. భీమిలి వెళ్లి తెలిసిన వాళ్ల దగ్గర వాళ్ల బండలు అడగబోయి, అడగలేక తిరిగొచ్చాడు. తాతబాబు దగ్గరకు వెళ్లి, "బావా, మావీ మీవీ కొన్ని ఒకటేనేమో కదా" అని మొదలుపెట్టాడట. తాతబాబు వల పక్కన పెట్టి, "ఏటయ్యింది బావా? మావ బండలు పోయాయేటి?" అన్నాడట. వాడు అక్కణ్నుంచి లేచి వచ్చేశాడు. ఇక సాయంత్రానికి పేటంతా తెలిసిపోతుందని వాడికి తెలుసు. ఎవరో చెప్పేలోగా తనే చెప్పాలి.

అయ్య వాకిట్లో గాలాలకు తుప్పు గీకుతున్నాడు. వాడు నిలబడే చెప్పాడు. అయ్య గీకడం ఆపలేదు.

"అన్నీనా?"

"అన్నీ."

"నీకోసం కాదురా, ఆ నలభై మూడు నాను పోయాక నీకుంటాయనుకున్నాను" అన్నాడు. నాకోసం కాదనబోయి మాట తప్పుగా వచ్చిందని ఆయనకే అనిపించిందేమో, మళ్లీ అన్నాడు. "నీకోసమేలే."

నేను గుమ్మంలో ఉన్నాను. సింహాద్రి నా వైపు తిరగలేదు. తెర చదివింది అప్ప అనే మాట వాడి నోటి నుంచి రాలేదు. నేనూ చెప్పలేదు.

అమ్మ ఒక్కతే మాట్లాడింది. "తెప్పకి నిసేదం నేదు కదా. ఎల్లి ఎతుక్కోండి. ఏడిసినా నవ్వినా ఎతుకుతూ ఏడవండి."

నిజమే. ఇంజను లేని తెప్పలకు నిషేధం వర్తించదు. తాతబాబు వాళ్ల ఫైబర్ తెప్ప అడిగారు. తాతబాబు తెప్ప ఇచ్చాడు కానీ నోరు ఊరుకోలేదు. "మావా, కొత్త డ్రైవరు జాగ్రత్త. నలభై ఒకటిలో తోల్తాడు."

కొండల గుర్తుల లెక్క ఇలా ఉంటుంది. ఒడ్డున ముందొకటి, దాని వెనక ఒకటి, రెండు గుర్తులు ఒకే వరసలోకి వస్తే అదొక గీత. పక్కన ఇంకో జత కలిస్తే ఇంకో గీత. ఆ రెండు గీతలూ దాటుకునే చోట బండ. అయ్యకు గుర్తులన్నీ నోటికి వచ్చు, కళ్లకు అందవు. సింహాద్రికి కళ్లున్నాయి, గుర్తు ఒక్కటీ తెలియదు. తండ్రి చెప్తే కొడుకు చూడాలి.

"లైట్‌హౌసు కొండ ముక్కుకి ఎంత ఎడంలో ఉందిరా?"

"బెత్తెడు."

"బొటనేలు ఎడల్పు దాకా రానీ. ఇప్పుడు ఇటు సూడు. సింహాసలం కొండ పల్లం కింద పెంకుటిల్లు కనబడతందా?"

"పెంకుటిల్లెక్కడుందయ్యా, పద్దెనిమిదంతస్తులు కట్టేసేరు."

"ఆ పక్కన తాడిచెట్లు మూడు?"

"అయ్యీ నేవు."

వెనక గుర్తులు కొండలు, అవి ఎక్కడికీ పోలేదు. ముందు గుర్తులు పోయాయి. ముందు గుర్తు పోయిన చోట గీత దొరకదు. ఉన్న ఒక్క గీత మీదే అటూ ఇటూ తిరుగుతూ, తాడుకు సీసపు గుండు కట్టి అడుగుకు దింపుతూ వెతకాలి. బురదకు తగిలితే గుండు మెత్తగా దిగుతుంది. రాతికి తగిలితే ఠక్కుమని చేతికి తెలుస్తుంది.

మొదటి వారంలో పదకొండు దొరికాయి. ఎనిమిదో రోజు వాటి మీదికి మళ్లీ వెళ్లి గుండు దింపి చూస్తే తొమ్మిది చోట్ల బురద. అయ్యకు వెంటనే అర్థమైంది. వాడు గుండు తగలగానే తాడు గబగబా లాగేసి, తర్వాతి బండ వైపు తెడ్డేస్తూ అప్పుడు జీపీఎస్‌లో చోటు దాచే మీట నొక్కుతున్నాడు. ఆలోగా తెప్ప కొట్టుకుపోతోంది. కొన్ని బండలు మా వాకిలంత వెడల్పు కూడా ఉండవు.

ఆ రోజు తెప్ప మీద అయ్య తిట్టిన తిట్లు సింహాద్రి ఇంటికొచ్చి నాకు అభినయించి చూపించాడు, నవ్వుతూ, పళ్లెం పట్టుకుని తిరుగుతూ. తర్వాత ఆగి అన్నాడు.

"అప్పా, గుండు కిందుండగానే ఆగాల. తెడ్డుతో ఎదురేసి, ఒక్క సోటే ఉంచి, వంద లెక్కెట్టి, అప్పుడు నొక్కాల. వంద! నాకు పదిహేను దగ్గరే కాళ్లు లాగేత్తన్నాయి."

"స్పీడు ఎంత చూపిస్తోందప్పుడు?"

"అదే గమ్మత్తు. ఒకటీ, సున్నా పాయింట్ ఆరూ, అలగే ఊగుతాది. ఎంత ఆగినా సున్నా అవదు. అయ్య, 'ఆగేవురా?' అంటాడు. 'నానాగేను, ఇది ఆగట్నేదు' అన్నాను. 'నీ బుజం మీదెక్కిన పాపం' అన్నాడు."

నేను నవ్వాను. నాకు ఆ పాపంలో సగం వాటా ఉందని వాడికీ గుర్తుంది, నాకూ గుర్తుంది.

రోజూ తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేవారు. గాలి బాగా ఉన్న రోజుల్లో ఉమామహేష్ గారు ఫోను చేసేవారు, "ఈవేళ ముప్పై కొట్టచ్చు సింహాద్రీ, వస్తావా?" అని. వాడు ఫోను చూసి, సముద్రం చూసి, "రాలేనండి" అనేవాడు. అనేశాక వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరిగేవాడు.

గురువమ్మ బండ చివరిది. ముందు గుర్తు పెంకుటిల్లే. ఒక్క గీత మీద నాలుగు రోజులు వెతికారు. నిషేధం ముగియడానికి ముందు రోజు, మూడు వందలో నాలుగు వందలో సార్లు గుండు దింపాక, ఠక్కుమంది. వాడు కదల్లేదు. వంద దాకా లెక్కపెట్టాడు, రెండో వంద కూడా లెక్కపెట్టాడు, తర్వాత నొక్కాడు. తెప్ప లంగరు వేసి చూద్దామన్నాడు. వేశారు. తిరిగి రాలేదు. తాడు కోసుకుని రావాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి అయ్య అమ్మతో అన్నాడు. "దొరికిందే. అదే. సందేహం నేదు."

నలభై మూడులో ముప్పై ఒకటి తిరిగొచ్చాయి. పన్నెండు పోయాయి. జూన్ పదిహేనున అయ్య బోటెక్కాడు. సింహాద్రి షెడ్డుకు వెళ్లాడు. ఆ తర్వాత పలక మీద చాలాసార్లు వెళ్లాడు కానీ భుజానికి మళ్లీ ఏమీ కట్టుకోలేదు. ముప్పై దాటాడో లేదో ఎవరికీ తెలియదు. అడిగితే "ఇరవయ్యెనిమిది పాయింట్ నాలుగు" అనేవాడు, అంతే.

మూడేళ్ల తర్వాత డెంగీ జ్వరం వచ్చింది. పదకొండు రోజులు పడుకున్నాడు. వాడు కదలకుండా పడుకుని ఉండటం చూడలేక మా అమ్మ ఆసుపత్రి వరండాలో నడుస్తూనే ఉండేది. నేను వెనకాల నడిచేదాన్ని. పన్నెండో రోజు ఇక నడవాల్సిన పని లేకపోయింది.

వాడు పోయి మూడేళ్లు. ఈ ఏడు నిషేధంలో అయ్య నన్ను పిలిచాడు. జీపీఎస్ తెర మీద ఉప్పు లోపలికి దిగి నల్లమచ్చ పాకుతోంది. షాపువాడు లాభం లేదన్నాడట, పూర్తిగా నల్లబడేలోగా కొత్తదానిలోకి ఎక్కించుకోమన్నాడట.

"రాదమ్మా, పుస్తకం తే. రాయి."

"రాయనా? కాయితానికి కాళ్లొస్తాయన్నావుగా."

"రానీ. ఎల్లేవోడెవుడున్నాడిప్పుడు? రాయి."

వాకిట్లో కూర్చున్నాం, ఆయన గాలాలకు తుప్పు గీకుతూ. నేను తెర మీది అంకెలు పైకి చదువుతూ రాశాను, ఆయన ఒక్కోదానికి పేరు చెప్పాడు. తిట్ల బండ. పెళ్లి బండ. తాతబాబు అటుగా వెళ్తూ ఆగి, మర్యాదగా మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. వినకూడదు కదా. చివరిది గురువమ్మ బండ. లోపల అమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

అప్పుడు చెప్పాను. "అయ్యా, ఆ రోజు ఆ తెర చదివింది నేను. నొక్కమన్నదీ నేనే."

ఆయన గాలాన్ని గీకుతూనే ఉన్నాడు.

"తెల్సు. ఆడికి ఇంగ్లీసు సదివే ఓపికెక్కడిది? ఎవులో సదివుంటారు, ఆడు గబుక్కున నొక్కుంటాడు. ఏలు ఆడిదే." గాలం కింద పెట్టాడు. "ఇంకో పేజీ ఉంటాది. అదీ రాయి."

ఆ పేజీ తెరిచాను. మాగ్జిమం స్పీడు. ఆరేళ్లుగా అయ్య దాన్ని చెరపలేదు. ఆన్ చేసిన జీపీఎస్‌తో ఆటో కూడా ఎక్కలేదు, బస్సు అంకె పడుతుందని. మా బోటు ఎంత తోలినా తొమ్మిది దాటదు. తాతబాబు ఇక ఉండబట్టలేక తొంగి చూశాడు.

"మావా, నీ బోటుకి ఇరవయ్యెనిమిది ఎలగొచ్చింది?"

"నా బోటుది కాదురా" అన్నాడు అయ్య.

తాతబాబు చెప్పులు విడిచి మా అరుగు మీద కూర్చున్నాడు. నేను ముప్పై ఒక్క బండల కింద ఒక గీత గీసి, ఆ అంకె రాసి, పక్కన తమ్ముడి పేరు రాశాను. తెర మీద నల్లమచ్చ అప్పటికే నాలుగు దాకా వచ్చేసింది.